రౌటర్ ప్యానెల్ తెరిచే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో మీ లాడ్జి రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించి, లూసీ ప్యానెల్ (దాని సెట్టింగులు బ్రౌజర్‌లో మార్చుకునే పేజీ) వాడబోతున్నారా?

- ముందు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ పెట్టండి. కొత్తగా ఎక్కించినప్పుడు అది ఖాళీ. రూమ్‌లో దిగినాయన బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ 192.168.1.1 కొడితే నేరుగా లోపలికే.

- యాత్రికులకు వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. దాన్నుంచి ప్యానెల్ కనబడకుండా ఫైర్‌వాల్‌లో ఇన్‌పుట్ (రౌటర్‌కే వచ్చే ట్రాఫిక్) రిజెక్ట్ చేయాలి, కానీ డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రస్ ఇచ్చేది), డీఎన్‌ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) రెంటికీ దారి వదలాలి. ఒకసారి అది మరిచిపోయి, "వైఫై కనెక్ట్ అయింది, నెట్ రాలేదు సార్" అని పొద్దుగూకులూ తిట్లు తిన్నాను.

- ఇంటి నుంచి చూసుకుందామని ప్యానెల్ నడిచే 80, 443 పోర్టులు బయటి ఇంటర్నెట్‌కి తెరవొద్దు. దానికి వైర్‌గార్డ్ (బయటి నుంచి భద్రంగా కనెక్ట్ అయ్యే వీపీఎన్) ఉంది కదా.

- సెట్టింగులు లాన్ కేబుల్ మీదే మార్చండి. వైఫైలో ఉండి వైఫైని మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

- సెట్టింగుల బ్యాకప్ ఫైలు ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి.

- ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) మారుస్తుంటే రౌటర్ యూపీఎస్ మీదే ఉండాలి. మధ్యలో కరెంటు పోతే టెన్షనే.