రికార్డు కడిగినా చిటపట పోలేదా? ముందు ఆ శబ్దం ఎట్టాంటిదో వినండి

మా నాన్న ఎల్పీలు (పెద్ద సైజు పాటల రికార్డులు) నెల్లూరు ఇంట్లో అటక మీద నుంచి దించి పెడితే మన బాలు గొంతు కంటే ముందు చిటపటలే వినపడ్డాయి. అన్నిటికీ కడగడమే మందు అనుకున్నా, కాదు, శబ్దాన్ని బట్టి కారణం మారతాది.

టక్... టక్ అని లెక్కగా వస్తా ఉంటే: ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగతాది, అంటే చుట్టుకి 1.8 సెకండ్లు. ఆ లెక్కన వస్తే చాలావరకు గీతే, కడిగితే పోదు. అయినా టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి, ఒక్కోసారి గాడిలో, అంటే ముల్లు నడిచే సన్న గీతలో, ఏదో అంటుకొని ఉంటాది, అదైతే నానబెడితే వస్తాది.

రోహిణి కార్తెలో పడమర గాలి తోలేటప్పుడు చిటచిటలు, పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా ఎక్కువ: అది స్టాటిక్, అంటే రాపిడికి పుట్టే కరెంటు, దుమ్ముని లాక్కుంటా ఉండాది. పొడిగుడ్డ మానేసి కార్బన్ ఫైబర్ బ్రష్ వాడండి.

పాట పొడుగునా బరబర, పైన తెల్ల మచ్చలు: బూజు. మా నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గదా, ఆ చెమ్మకి పాత పేపర్ కవర్లలోనే పుడతాది, మా ఇంట్లో సగం రికార్డులు ఇట్టానే పాడయినాయి. నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్‌కి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే గుండ్రంగా రుద్దాలి, అడ్డంగా కాదు, మధ్యలో లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి నిలబెట్టి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే వంగిపోతాది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరకతాది. బోరు నీళ్లు మాత్రం వద్దు, మొదట నేను దాంతోనే కడిగితే ఆరినాక ఉప్పు గాడుల్లో మిగిలి చిటపట ఇంకా పెరిగింది. కనిగిరి వైపు వాళ్లకి చెప్పే పనే లేదు, బిందె అడుగున పట్టే తెల్లపొర రోజూ చూస్తానే ఉంటారు. కడిగినాక పాత కవర్లో మళ్లీ పెట్టొద్దండి, బూజు దాంట్లోనే ఉండాది.

తాతల నాటి 78 ప్లేట్లకి (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) ఆల్కహాల్ చుక్క కూడా తగలనీయొద్దు, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

కడిగినా గొంతు బొంగురుగా, పగిలినట్టు వస్తా ఉంటే ముల్లు (గాడిలో నడిచే సూది) చూడండి, దాని కొనకి దుమ్ము ఉండలాగా పట్టి ఉంటాది. చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవండి, పక్కలకి తుడిస్తే విరగొచ్చు. దానికీ పోకపోతే కొత్త ముల్లు వేసి చూడండి, అప్పుడూ అట్టానే ఉంటే ఆ గాడి అరిగిపోయినట్టే, ఇంకో కాపీ వెతుక్కోవాల్సిందే.