పాఠం 5: ఆటో ఫీడర్ డ్రమ్ములో ఏ మేత పోయాలి?

గత పాఠంలో, పెట్టిన టైమ్‌కి డ్రమ్ము తిప్పి చేపలకి మేత రాల్చే ఫీడర్‌ని చేపల ట్యాంకు అంచుకు బిగించి, టైమ్ సెట్ చేసి, డ్రమ్ము గేటు ఎంత తెరవాలో చూశాం. ఈసారి మేతలో ప్రోటీన్ శాతం గురించి, రంగు తేల్చే మేతల గురించి రాద్దామనుకున్నాను. అది ఇప్పుడు కుదరదు. వచ్చిన ఫిర్యాదులు అలా ఉన్నాయి. "డ్రమ్ము తిరుగుతోంది, మేత రాలట్లేదు" అని కొందరు. "రెండు రోజులు ఏమీ పడలేదు, మూడో రోజు గుప్పెడు పడింది, నీళ్లు తెల్లగా మసకబారాయి" అని మరికొందరు. రెండూ ఒకటే జబ్బు. డ్రమ్ములో ఏం పోశారని అడిగితే దాదాపు అందరూ చెప్పిన జవాబు ఫ్లేక్స్, అంటే పల్చటి రేకుల మేత.

చేత్తో వేసేటప్పుడు ఫ్లేక్స్ మంచి మేతే. డ్రమ్ముకు మాత్రం పనికిరాదు. డ్రమ్ములోకి ఆవాల్లా జారేది కావాలి, అటుకుల్లా పరుచుకునేది కాదు. ఫ్లేకులు ఒకదాని మీద ఒకటి చేరి గేటుకు అడ్డం పడతాయి. ఆ అడ్డం తొలగిన పూట వెనకాల ఆగిందంతా ఒక్కసారే దిగుతుంది. పైగా తేమ. నీళ్లు 26–28 డిగ్రీల వేడిలో ఉంటాయి, మూత కింద గాలంతా ఆవిరే. నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ బుడగలు సరిగ్గా ఫీడర్ కిందే పగులుతుంటే తుంపర నేరుగా గేటులోకి పోతుంది. ముందు ఆ స్టోన్‌ని ట్యాంకు రెండో మూలకి జరపండి. ఎండాకాలం హైదరాబాదులో ఫ్లేక్స్‌తో ఎలాగోలా నెట్టుకురావచ్చేమో. విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లు ఆ ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు అసలు విసుగు తెప్పించిన సంగతికి వస్తాను. ఫ్లేక్స్ జారట్లేదని చాలామంది వాటిని పొడి చేశారు. కొందరు చేత్తో నలిపారు, కొందరు ఏకంగా మిక్సీలో వేశారు. (ఆ మిక్సీలో మళ్లీ కొబ్బరి పచ్చడి ఎవరు చేస్తారో వాళ్లింట్లో తేల్చుకోవాలి.) పొడి చేస్తే జారుతుందన్నది పైకి సబబుగానే కనిపిస్తుంది. జరిగేది వేరు. మేత ఎంత సన్నగా అయితే గాలికి తగిలే భాగం అంత పెరుగుతుంది, తేమని అంత తొందరగా పీలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ పొడి డ్రమ్ము గోడకి పిండిలా అంటుకుని గట్టిపడుతుంది. ఆ కాస్త రాలినా చేప నోటికి అందేంత ముక్క అందులో ఉండదు. నీటి మీద తెట్టు కడుతుంది, కొంత ఫిల్టర్ స్పాంజిలోకి పోతుంది, మిగతాది నీళ్లలో కరుగుతుంది. చేప తినని మేత కుళ్లితే వచ్చేది అమ్మోనియా. అంటే పొడి చేసి మీరు చేపకి మేత తగ్గించారు, నీటికి మురికి పెంచారు.

"అయితే ఎండబెట్టి పోస్తాం" అంటారా? వద్దు. ఎండకీ వేడికీ మేతలోని విటమిన్ సి పోతుంది, నూనెలు ముక్కిపోతాయి. ఉప్పు డబ్బాలో వేసినట్టు బియ్యం గింజలు కలపడమూ వద్దు. అవీ గేటులోంచి ట్యాంకులోకే పడతాయి. తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్ మేత దాచే డబ్బాలో ఉండాలి, తిరిగే డ్రమ్ములో కాదు. ఫ్రిజ్‌లో మేత దాచేవాళ్లు డబ్బా బయటపెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. చల్లటి మేత మీద తేమ పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

మరి ఏం పోయాలి? నా మాట వింటే, చిన్న చేపలున్న ట్యాంకుకి 1 మి.మీ. లోపు గుళికలు, మెల్లగా మునిగే రకం. డబ్బా మీద మైక్రో పెల్లెట్స్ అనో గ్రాన్యూల్స్ అనో ఉంటుంది. పైన తిరిగే గప్పీలు, మోలీలు పడుతుండగానే అందుకుంటాయి, మధ్యలో టెట్రాలు తింటాయి, అడుగున తిరిగే కోరీ చేపలకీ కొంత చేరుతుంది. షాపులో విడిగా కట్టిచ్చే ఎర్ర, పచ్చ గుళికల ప్యాకెట్ నేను డ్రమ్ముకు వాడను. అందులో సగం నుసి. ఇంట్లో ఉన్నది అదే అయితే టీ వడకట్టే జల్లెడలో జల్లించి నుసి తీసేయండి.

గేటు సందు గుళిక లావుకి కనీసం అయిదారు రెట్లు ఉండాలి. అంతకన్నా ఇరుకైతే గుళికలు ఒకదానికొకటి ఆనుకుని కమానులా నిలబడిపోతాయి. అందుకే ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ లాంటి పెద్ద చేపలు తినే పెద్ద గుళికలు చిన్న డ్రమ్ములో ఇరుక్కుంటాయి. ఎదిగిన ఆరోగ్యమైన ఆస్కార్ వారం పస్తుండగలదు, వదిలేసి ఊరెళ్లండి. పిల్ల చేపల సంగతి అలా కాదు, వాటికి మనిషే కావాలి. ఫైటర్ చేపకి పూటకి నాలుగైదు గుళికలు చాలు, ఏ డ్రమ్మూ అంత లెక్కగా వేయలేదు. కాబట్టి నాలుగు రోజుల ప్రయాణానికి ఫైటర్ గిన్నె మీద ఫీడర్ పెట్టకపోవడమే మేలు. గోల్డ్‌ఫిష్‌కి జీర్ణాశయమే ఉండదు, ఎంత పడితే అంత తింటూ పోతుంది. గుప్పెడు పడితే ఎక్కువ ప్రమాదం దానికే.

సక్కర్ చేపలకి వేసే మేత బిళ్లలు, బ్లడ్‌వార్మ్స్ అనే ఎండు పురుగులు, ట్యూబిఫెక్స్ పురుగుల ఎండు క్యూబ్‌లు డ్రమ్ములో వేయకండి. బిళ్ల గేటుకు అడ్డం పడుతుంది, ఎండు పురుగులు తేమ పీల్చి ముద్దవుతాయి. రెండు సైజుల గుళికలు కలిపి పోయడమూ నాకు నచ్చదు. డ్రమ్ము తిరిగేకొద్దీ చిన్నవి పెద్దవాటి సందుల్లోంచి జారి ఒకచోట చేరతాయి. ఒక పూట అన్నీ చిన్నవే, ఇంకో పూట అన్నీ పెద్దవే.

డ్రమ్ము సగానికి మించి నింపకండి. నిండుగా ఉంటే గుళికలు దొర్లడానికి చోటుండదు. ఊరెళ్లేటప్పుడు రోజుకి ఒక్కపూట లెక్కన, ఎన్ని రోజులకి కావాలో అంతే పోసి వెళ్లండి. గేటు మొరాయించినా పడేది ఆ కాస్తే.

అభ్యాసం రెండు భాగాలు. మొదట ఫీడర్‌ని తెల్ల కాగితం మీద పెట్టి డ్రమ్ముని ఇరవై సార్లు తిప్పండి. ప్రతిసారీ పడిన గుళికలు లెక్కపెట్టి రాసుకోండి. అవును, లెక్కపెట్టాలి. ఏ ఒక్కసారైనా మిగతావాటికి రెట్టింపు పడితే గేటు కాస్త కాస్త మార్చి మళ్లీ మొదటి నుంచి తిప్పండి. అంకెలు కుదిరాక ఫీడర్‌ని ట్యాంకు మీద బిగించి, మీరు ఇంట్లో ఉండగానే వారం రోజులు నడపండి. ఈ వారం చేత్తో చిటికెడు కూడా వేయకూడదు, చేపలు అద్దం దగ్గరికొచ్చి ఎంత ఆడినా సరే. నాలుగో రోజు, ఏడో రోజు డ్రమ్ము విప్పి గుళికల్ని వేళ్ల మధ్య నలపండి. విడివిడిగా ఉంటే అదే మేత, అదే గేటు ఉంచేయండి. అంటుకుంటే మేత మార్చే ముందు ఫీడర్ చోటు మార్చండి. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఇది డిసెంబర్‌లోనే మొదలుపెట్టాలి. రైలెక్కాక నాకు ఫోటోలు పంపినా నేను చేయగలిగిందేమీ ఉండదు.