ఎఫ్‌టీపీ కోసం ఫైర్‌వాల్‌లో చెయ్యి పెట్టే ముందు

ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీ సర్వర్ తెరవాలని కూర్చున్నవాళ్ల చూపంతా దాని మామూలు తలుపు, పోర్ట్ 21 మీదే ఉంటుంది. సర్వర్ దూరంగా ఎక్కడో ఉంటే మాత్రం ముందు చూసుకోవాల్సింది ఎస్‌ఎస్‌హెచ్‌ని, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే దారిని.

ఒకసారి నేను ఎస్‌ఎస్‌హెచ్ మామూలు పోర్ట్ 22 అలౌ చేసి, ధీమాగా యుఎఫ్‌డబ్ల్యూ (లైనక్స్ ఫైర్‌వాల్ టూల్) ఎనేబుల్ కొట్టాను. ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లు తెగిపోవచ్చు, కానివ్వమంటావా అని అది అడిగింది కూడా. వై కొట్టాను. ఉన్న విండో చక్కగా పనిచేస్తూనే ఉంది. దాన్ని మూసేసి, టీ తాగొచ్చి మళ్లీ లాగిన్ అవుదామంటే టైమవుట్. ఆ సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ 2222 మీద నడుస్తోంది, ఆ సంగతే మర్చిపోయాను. ముందే కుదిరిన కనెక్షన్‌ని ఫైర్‌వాల్ మామూలుగా వదిలేస్తుంది, కొత్తగా వచ్చేదాన్నే ఆపుతుంది. కాబట్టి ఎస్‌ఎస్‌హెచ్ ఏ పోర్ట్‌లో వింటోందో ముందు చూసుకోండి. రూల్ పెట్టాక రెండో విండోలో లాగిన్ అయి చూసేదాకా మొదటిది మూయకండి. పది నిమిషాల్లో ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోయేలా చెప్పిన టైముకి పని నడిపే యాట్ కమాండ్‌తో ఒక జాబ్ పెట్టుకుంటే ఇంకా టెన్షన్ ఉండదు.

ఇక ఎఫ్‌టీపీ. 21 తెరిచారు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ తీసుకుంది, లాగిన్ అయింది. ఫైళ్ల లిస్ట్ అడిగితే మాత్రం అలా తిరుగుతూనే ఉంటుంది. 21 మీద నడిచేవి మాటలే, అంటే కమాండ్లూ జవాబులూ. ఫైళ్లూ, లిస్టూ వేరే కనెక్షన్‌లో వస్తాయి. ఇప్పటి క్లయింట్లు ఎక్కువగా వాడే పాసివ్ మోడ్‌లో ఆ రెండో పోర్ట్‌ని సర్వరే చెబుతుంది. 227 అని మొదలయ్యే జవాబులో కామాలతో ఆరు సంఖ్యలుంటాయి. మొదటి నాలుగూ ఐపీ. చివరి రెండూ 238, 72 అనుకోండి: 238ని 256తో గుణించి 72 కలిపితే 61000. క్లయింట్ తట్టే తలుపు అదే, మీరు మూసి ఉంచిందీ అదే.

ఈ పోర్టులకు హద్దు పెట్టకపోతే ఎఫ్‌టీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్ విఎస్‌ఎఫ్‌టీపీడీ ఏదో ఒకటి ఎంచుకుంటుంది. దాని కాన్ఫిగ్‌లో పాసివ్ కనిష్ఠం 61000, గరిష్ఠం 61050 అని పెట్టి, అవే అంకెలు ఫైర్‌వాల్‌లోనూ తెరవండి. లైనక్స్ తన బయటి కనెక్షన్లకు మామూలుగా 32768 నుంచి 60999 వరకు వాడుకుంటుంది, అందుకే ఆ పైన తీసుకోమంటున్నాను. యుఎఫ్‌డబ్ల్యూలో రెండంకెల మధ్య కోలన్, మరో ఫైర్‌వాల్ టూల్ ఫైర్‌వాల్‌డీలో హైఫన్. ఫైర్‌వాల్‌డీలో పర్మనెంట్ అనకపోతే రీబూట్‌తో రూల్ ఎగిరిపోతుంది. పర్మనెంట్ అని పెట్టాక రీలోడ్ చేయకపోతే అప్పటికప్పుడు అమల్లోకి రాదు. క్లౌడ్‌లో ఉంటే సెక్యూరిటీ గ్రూప్‌లో (క్లౌడ్ వాళ్ల ఫైర్‌వాల్) కూడా ఇవే తెరవాలి. 227 జవాబులో 10తోనో 192.168తోనో మొదలయ్యే ఐపీ కనిపిస్తే, సర్వర్ తన లోపలి అడ్రస్ చెబుతోందన్నమాట. పాసివ్ అడ్రస్‌గా పబ్లిక్ ఐపీ ఇవ్వాలి.

లైనక్స్ కెర్నల్‌లో కనెక్షన్లను గమనించే కాన్‌ట్రాక్ హెల్పర్ ఉంటే రేంజ్ తెరవక్కర్లేదని కొందరంటారు. అది 21 మీద మాటలు చదివి పోర్ట్ పసిగడుతుంది. ఎఫ్‌టీపీఎస్ (ఎన్‌క్రిప్షన్ ఉన్న ఎఫ్‌టీపీ) పెడితే ఆ మాటలు ఎన్‌క్రిప్ట్ అవుతాయి, దానికి ఏమీ కనబడదు. పైగా కెర్నల్ 4.7 నుంచి అది దానంతటదే తగులుకోదు, రూల్ రాయాలి. ఎన్‌క్రిప్షన్ లేకుండా పెడితే పాస్‌వర్డ్ బట్టబయలే కదా. నన్నడిగితే పాత మెషీన్లకు ఎఫ్‌టీపీయే కావాలంటే తప్ప, ఎస్‌ఎస్‌హెచ్ మీదే నడిచే ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఒక్కటే చాలు, ఈ రేంజ్ గొడవే ఉండదు.

లిస్ట్ రాలేదని విసిగి ఫైర్‌వాల్ మొత్తం ఆపేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. వాడేది ఆఫీసువాళ్లే అయితే 21నీ, రేంజ్‌నీ ఆ ఐపీకి మాత్రమే తెరవండి. టెస్ట్ బయటి నుంచి చేయండి, సర్వర్‌లో కూర్చుని చేస్తే అన్నీ తెరిచినట్టే కనిపిస్తాయి. అంతా కుదిరాక ఆ యాట్ జాబ్ తీసేయడం మర్చిపోకండి, లేకపోతే అది పెట్టిన పది నిమిషాలకు ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా ఆగిపోతుంది.