మలేరియా ల్యాబ్‌లో కొత్తగా చేరినవారికి: స్లైడ్ తయారీ, పరాన్నజీవుల లెక్క

మలేరియా ఇమ్యునాలజీలో పీహెచ్‌డీకి చేరినవారి ధ్యాసంతా యాంటీబాడీలను కొలిచే ఎలైజా మీద, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమెట్రీ మీద ఉంటుంది. అయితే రోగి రక్తంలో యాంటీబాడీలు ఎన్నున్నాయో కొలిచినా, మైక్రోలీటరుకు పరాన్నజీవులెన్నో పక్కన లేకపోతే ఆ కొలతకు అర్థం చెప్పలేం. ఆ అంకె వచ్చేది స్లైడ్ నుంచే. అందుకే ముందు చెయ్యి తిరగాల్సింది ఇక్కడ.

వేలికొస గుచ్చి తీసిన రక్తం శ్రేష్ఠం. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీస్తే గంటలోపే స్మియర్ (స్లైడ్ మీద రక్తపు పూత) వేయండి. ఆలస్యమైతే పరాన్నజీవుల ఆకారం మారిపోయి జాతి పోల్చుకోవడం కష్టం. థిక్ (మందపాటిది), థిన్ (పలచటిది) రెండు స్మియర్లూ ఒకే స్లైడ్ మీద వేయవచ్చు. థిక్‌కు 6 మైక్రోలీటర్లు తీసుకుని సుమారు 12 మిల్లీమీటర్ల గుండ్రంగా పరచాలి. థిన్‌కు 2 మైక్రోలీటర్లు చాలు. ఇంకో స్లైడ్ అంచును 45 డిగ్రీల వాలులో ఆనించి ఆగకుండా ఒక్క ఊపున లాగాలి. తడి థిక్ కింద న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు కష్టం మీద చదవగలిగేలా ఉండాలి. అంతకన్నా మందమైతే స్టెయినింగ్‌లో పొరలుగా ఊడిపోతుంది.

ఆరాక థిన్‌ను మాత్రమే కొన్ని సెకన్లు మెథనాల్‌లో ముంచండి. తర్వాత థిన్ వైపు కిందికి వాల్చి ఆరబెట్టండి, మెథనాల్ థిక్ వైపు పారకూడదు. థిక్‌లో ఎర్రకణాలు స్టెయిన్‌లోని నీటికి పగిలి హిమోగ్లోబిన్ వదిలేయాలి, అప్పుడే లోపలివి కనిపిస్తాయి. మెథనాల్ తగిలినా, వేడి తగిలినా కణాలు పగలవు, మసకే మిగులుతుంది. మన్యం గ్రామాల్లో వేసవిలో తీసిన స్లైడ్లు జీపులో ఉండిపోతే ఎండకే ఫిక్స్ అయిపోతాయి, అంటే కణాలు ఇక పగలకుండా గట్టిపడతాయి.

పరాన్నజీవులకు రంగు పట్టించే జీమ్సా స్టెయిన్‌లో అసలు కీలకం బఫర్ పీహెచ్: 7.2. తగ్గితే అంతా గులాబీ రంగుకు తిరుగుతుంది, వైవాక్స్ జాతి పరాన్నజీవి సోకిన ఎర్రకణాల్లో ఉండే, జాతిని పోల్చుకోవడానికి పనికొచ్చే షఫ్నర్ చుక్కలు కనబడవు; పెరిగితే అంతా నీలం. 97 మి.లీ. బఫర్‌లో 3 మి.లీ. స్టాక్ (పలచన చేయని స్టెయిన్) కలిపి 45 నిమిషాలు ఉంచడం పరిశోధనకు నప్పుతుంది. తొందరైతే 10 శాతం ద్రావణం, 10 నిమిషాలు. కలిపిన స్టెయిన్‌ను 15 నిమిషాల్లో వాడేయాలి. తడి పిపెట్‌ను స్టాక్ సీసాలో పెట్టారా, సీసా మొత్తం పాడైనట్టే. కడిగేటప్పుడు స్టెయిన్‌ను వంపేయకండి. పైన తేలే తెట్టు స్లైడ్‌కు అంటుకుంటుంది. బఫర్ నెమ్మదిగా పోస్తూ దాన్ని పొర్లించేయాలి.

100ఎక్స్ ఆయిల్ లెన్స్ కింద ఎర్రటి క్రొమాటిన్ (కేంద్రక పదార్థం), నీలి సైటోప్లాజం రెండూ ఒకే ఫోకస్‌లో కనిపిస్తేనే పరాన్నజీవిగా లెక్కించండి. ప్లేట్‌లెట్లు, స్టెయిన్ రవ్వలు కొత్తవారిని బాగా మోసం చేస్తాయి. ముదిరిన దశల్లో గోధుమ-నలుపు పిగ్మెంట్ కూడా ఆనవాలే. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న బ్రిటిష్ వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో పరాన్నజీవిని పోల్చుకున్నది ఆ పిగ్మెంట్‌ను బట్టే. కనీసం 100 ఫీల్డులు (లెన్స్‌లో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూడకుండా నెగటివ్ అని రాయకూడదు.

థిక్ స్మియర్‌లో లెక్కకు రెండు కౌంటర్లు కావాలి: ఒకటి పరాన్నజీవులకు, ఒకటి తెల్లకణాలకు. 200 తెల్లకణాలు పూర్తయ్యేసరికి పరాన్నజీవులు 100 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆపవచ్చు, లేదంటే 500 దాకా వెళ్లాలి. దోమకు సోకే లైంగిక దశలైన గామెటోసైట్లను విడిగా రాయండి. మందు పనిచేసినా అవి వారాల తరబడి రక్తంలో ఉంటాయి. పరాన్నజీవుల సంఖ్యను 8000తో గుణించి లెక్కపెట్టిన తెల్లకణాలతో భాగిస్తే మైక్రోలీటరుకు సాంద్రత వస్తుంది. 200 తెల్లకణాలకు 120 కనిపిస్తే 4800.

ఈ 8000 మాత్రం మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు ఇన్ని అనుకునే ఊహాంకం. మలేరియా జ్వరంలో తెల్లకణాలు తరచూ తగ్గుతాయి. అదే రోగికి నిజంగా 5000 ఉంటే సాంద్రత 3000 మాత్రమే. యాంటీబాడీ స్థాయితో పోల్చే గ్రాఫులో ఇది చిన్న తేడా కాదు. కాబట్టి అదే రోజు హీమోగ్రామ్ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించి అసలు సంఖ్యే వాడండి.

ప్రతి స్లైడ్‌నూ ఇద్దరు విడివిడిగా, ఒకరి లెక్క ఒకరు చూడకుండా చదవాలి. తేడా 25 శాతం మించినా, జాతి విషయంలో మాట కలవకపోయినా మూడోవారికి ఇవ్వండి. రిజిస్టర్‌లో సాంద్రత ఒక్కటే కాదు, లెక్కపెట్టిన పరాన్నజీవులు, తెల్లకణాల సంఖ్యలు కూడా రాసి ఉంచండి. హీమోగ్రామ్ ఆలస్యంగా వచ్చినా స్లైడ్ మళ్లీ తీయకుండానే లెక్క సరిచేసుకోవచ్చు.