స్పోర్ట్స్ కారు ఇంజన్‌లో వింత చప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంజన్ అడుగు నుంచి బరువైన 'దబ్ దబ్' వినిపిస్తున్నా, ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగినా మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి ఇంజన్ ఆపేయండి. నెమ్మదిగా ఇంటిదాకా పోనిద్దాం అనుకోవద్దు, కారును టోయింగ్ బండి మీద తరలించండి. ఆ క్షణంలో ఆపితే బేరింగ్ షెల్స్ (క్రాంక్‌షాఫ్ట్, రాడ్ల మధ్య ఉండే పలుచని లోహపు రేకులు) మార్చడంతోనే సరిపోయే అవకాశం ఉంటుంది. ఇంకాస్త నడిపితే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) గీసుకుపోతుంది, ఒక్కోసారి పిస్టన్‌ను దానికి కలిపే రాడ్డు విరిగి బ్లాకునే చీల్చుకుని బయటికొస్తుంది.

తక్కిన చప్పుళ్లను నిదానంగా వెతకొచ్చు.

విప్పే ముందు వినండి

మొదట డిప్‌స్టిక్. ఆయిల్ ఒక లీటరు తగ్గినా చైన్ టెన్షనర్లు (టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచేవి), హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ఒత్తిడితో వాల్వ్ సందును సరిచేసేవి) చప్పుడు చేస్తాయి. ఆయిల్ గ్రేడు కూడా కంపెనీ చెప్పినదేనా చూడండి.

తర్వాత చప్పుడు ఎప్పుడు వస్తోందో రాసుకోండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఐడిల్‌లోనా, లోడ్ మీదా? యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలినప్పుడా? క్లచ్ తొక్కితే మారుతోందా? ఈ జవాబులతోనే సగం అనుమానాలు తేలిపోతాయి.

వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగంతో తిరుగుతుంది. 900 ఆర్‌పీఎం ఐడిల్‌లో క్రాంక్ సెకనుకు 15 సార్లు తిరిగితే, ఒక వాల్వ్ 7 లేదా 8 సార్లే తెరుచుకుంటుంది. చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి అయిదో వంతు వేగంతో వినండి. సెకనుకు ఒకటిన్నర దెబ్బలు లెక్కకొస్తే వాల్వ్‌లు, ఇంజెక్టర్, ఒక సిలిండర్ దగ్గరి ఎగ్జాస్ట్ లీకు లాంటివి. మూడు లెక్కకొస్తే ఫ్లైవీల్, పుల్లీ, క్రాంక్ వైపు చూడాలి. ఈ లెక్క ఒక్కదాన్నే నమ్మకండి. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకోవడం) పెట్రోల్ మండి పిస్టన్‌ను నెట్టే పవర్ స్ట్రోక్‌లోనే గట్టిగా పడుతుంది కాబట్టి సగం వేగంతోనే వినిపించొచ్చు.

చోటు పట్టుకోవడానికి మెకానిక్ స్టెతస్కోప్ మంచిది. లేకపోతే పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు, పిడి చెవి వెనక ఎముకకు ఆనించండి. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండండి. గాలి లీకులకు మీటరు రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసతో జాయింట్ల చుట్టూ వెతకండి.

అడుగు నుంచి 'దబ్ దబ్'

చాలావరకు కనెక్టింగ్ రాడ్ బేరింగే. 2000 నుంచి 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో స్పష్టంగా తెలుస్తుంది. కారును వర్క్‌షాప్‌కు తరలించాక, ఆయిల్ ప్రెషర్ లైటు వెలగకపోతేనే, నిర్ధారించడానికి ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ ప్లగ్ తీసి ఐడిల్‌లో కొద్ది సెకన్లు వినండి. ఏ సిలిండర్ ఆపితే చప్పుడు మెత్తబడుతుందో దోషం అక్కడుంది. కాయిల్ ప్లగ్ మాత్రం తీయకండి. మండని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో చెయ్యి అందదు కాబట్టి స్కాన్ టూల్‌తో ఇంజెక్టర్ ఆపాలి.

ఆ తర్వాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటని మెరుపు పొడి బేరింగ్‌ది. అందులో రాగి రంగు కనిపిస్తే పైపూత పూర్తిగా అరిగిపోయింది. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు రజను అయితే చైన్ వైపు, క్యామ్ వైపు వెతకాలి.

స్పోర్ట్స్ కార్లలో దీనికి సాధారణ కారణం ఆయిల్ అందకపోవడం. పొడవాటి మలుపులో వేగంగా వెళ్తే వెట్ సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ పక్కకు జరిగిపోయి పంపు గాలి పీలుస్తుంది. కొన్ని ఇంజన్లకు బేరింగ్‌లే బలహీనమైన చోటు. బీఎండబ్ల్యూ ఎం3లోని ఎస్65 వీ8 అందుకు పేరుపడింది. దానికి 10డబ్ల్యూ-60 ఆయిల్ వాడాలి.

పరిష్కారం: సంప్ దించి, క్యాప్‌లు తీసి, ప్లాస్టిగేజ్‌తో (నలిగిన వెడల్పును బట్టి సందు చెప్పే మెత్తని ప్లాస్టిక్ దారం) సందు కొలవండి. జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కు సుమారు 0.025 మి.మీ. అన్నది పాత లెక్క. కంపెనీ అంకె దొరికితే దాన్నే పాటించండి. సాగేలా బిగించే రకం రాడ్ బోల్టులు మళ్లీ వాడకూడదు, కొత్తవి వేయాలి. జర్నల్ మీద గోరుకు తగిలే గీత ఉంటే క్రాంక్‌ను గ్రైండ్ చేయించాలి లేదా మార్చాలి. చాలామంది మరిచేది ఆయిల్ కూలర్. పాత బేరింగ్ పొడి అందులో దాక్కుని కొత్త బేరింగ్‌లను తినేస్తుంది. కడిగి నమ్మడం కన్నా మార్చడమే మేలు. ట్రాక్ మీద నడిపే కారుకు సంప్‌లో బాఫిల్ (ఆయిల్ పక్కకు జరగకుండా ఆపే అడ్డు రేకు) వేయించి, ఆయిల్ పై గీత దాకా ఉంచండి.

పైనుంచి 'టిక్ టిక్'

అనవసరపు ఖర్చు ఎక్కువగా జరిగేది ఈ చప్పుడు దగ్గరే, ఎందుకంటే ఇందులో సగం సహజమైనవి. డైరెక్ట్ ఇంజెక్టర్లు కుట్టుమిషన్‌లా టకటకలాడతాయి. అధిక పీడన ఇంధన పంపు కూడా అంతే. షిమ్‌లతోనో (పలుచని బిళ్లలు) స్క్రూలతోనో సవరించే వాల్వ్‌లున్న ఇంజన్లు ఎప్పుడూ కాస్త చప్పుడు చేస్తాయి.

మునుపటి కన్నా పెరిగితే వాల్వ్ సందు కొలవండి. హోండా ఎస్2000కు ఇంజన్ చల్లగా ఉండగా ఇన్‌టేక్ 0.21 నుంచి 0.25, ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.29 మి.మీ. ఉండాలి. సందు తగ్గినా ప్రమాదమే: చప్పుడు ఉండదు గానీ వాల్వ్ కాలిపోతుంది. అందుకే నిశ్శబ్దం కోసం సందు బిగించకండి.

చల్లగా స్టార్ట్ చేసినప్పుడు లోడ్‌తో పాటు పెరిగి, వేడెక్కాక తగ్గేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ లీకు. గ్యాస్కెట్ పక్కన నల్లటి మసి చూడండి. విరిగిన స్టడ్ బయటికి తీసి, గ్యాస్కెట్ మార్చి, మానిఫోల్డ్ వంగితే మెషిన్ చేయించాలి.

పిస్టన్ స్లాప్ కూడా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక పోతుంది. పోతున్నంత కాలం నడపొచ్చు. వేడెక్కాక కూడా టిక్ ఉండి, ఆయిల్ తగ్గుతుంటే బోర్ గీసుకుపోయిందేమో అనుమానించాలి. పోర్షే 911 ఎం96, ఎం97 ఇంజన్లలో ఇది తెలిసిన సమస్యే, తరచూ 4 నుంచి 6 సిలిండర్ల వైపు. ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ (సన్నని గొట్టం కెమెరా) పెట్టి గోడలు చూడండి. చిక్కటి ఆయిల్‌తో, 'స్టాప్ నాయిస్' సీసాలతో దీన్ని కప్పిపుచ్చకండి.

స్టార్ట్ చేయగానే 'గరగర'

చైన్ టెన్షనర్‌లో ఆయిల్ జారిపోయిందన్నమాట. ఒకటి రెండు సెకన్లయితే మొదట, ఆయిల్‌ను వెనక్కి జారనివ్వని వాల్వ్ ఉన్న సరైన ఫిల్టర్ వేసి చూడండి. అంతకన్నా ఎక్కువసేపు ఉన్నా, వేడిలో కూడా వినిపించినా టెన్షనర్, గైడ్‌లు మార్చాలి. స్కాన్‌లో పీ0016 కోడ్ (క్రాంక్, క్యామ్ స్థానాలు పొందిక తప్పాయని చెప్పేది) కనిపిస్తే చైన్ సాగి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. ఎస్2000లో టెన్షనర్ ఇంజన్ విప్పకుండా బయటి నుంచే మార్చొచ్చు.

లోడ్ మీద 'చిటచిట'

ఇది నాకింగ్, అంటే పెట్రోల్ మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలినట్టు మండడం. పెడల్ వదలండి. ఆక్టేన్ తక్కువైన పెట్రోల్, వేడెక్కిన కూలెంట్, కార్బన్, బలహీనమైన ఇంధన పంపు కారణాలు. స్కాన్ టూల్‌లో ఏ సిలిండర్‌కు ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుగుతోందో చూస్తే అన్ని సిలిండర్ల సమస్యా, ఒక్కదానిదా తెలుస్తుంది. ట్యూన్ చేసిన టర్బో ఇంజన్ అయితే ముందు బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) తగ్గించి నడపండి.

ఈల, బుస్సు

టర్బో ఈల ఆర్‌పీఎంతో సైరన్‌లా పెరిగితే చల్లారాక ఇన్‌టేక్ పైపు తీసి షాఫ్ట్ కదిలించండి. ముందుకీ వెనక్కీ ఆట చేతికి తెలియకూడదు. పక్కకు కొద్దిగా ఉండడం సహజం గానీ, బ్లేడు గోడను తాకకూడదు. బుస్సుమంటూ పవర్ తగ్గితే బూస్ట్ పైపు క్లాంప్‌లు చూడండి, లేదా పైపుల్లోకి పొగ పంపి లీకు పట్టే పొగ పరీక్ష చేయించండి.

బెల్టు, క్లచ్, రేకు

కీచుమంటే బెల్టు తీసి అర నిమిషం లోపే నడిపి చూడండి. చప్పుడు పోతే పుల్లీలు చేత్తో తిప్పి గరుకుగా ఉన్నది మార్చండి. న్యూట్రల్‌లో గలగలమని, క్లచ్ తొక్కితే ఆగేది గేర్‌బాక్స్ లేదా డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ది (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్). తొక్కితేనే వస్తే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్. తేలికపాటి ఫ్లైవీల్ వేయించుకున్నవారికి ఆ గలగల సహజం. ఒకే ఆర్‌పీఎం దగ్గర 'జుయ్'మని మోగితే ఎగ్జాస్ట్ చల్లగా ఉన్నప్పుడు హీట్ షీల్డ్‌ను తట్టి చూడండి. వదులైన రేకు ఉంటే వెడల్పాటి వాషర్, క్లాంప్ వేసి బిగిస్తే సరిపోతుంది.