ఒకటి రేఖీయం, ఒకటి వర్గం: ప్రతిక్షేపణతో ఎలా సాధించాలి?

నల్లగొండలో పదో తరగతి, ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ రకం లెక్క తప్పేవాళ్లు దాదాపు అందరూ ఒక్కచోటే తప్పుతారు.

కాగితం, పెన్ను చాలు. పెన్సిల్ వద్దు, చెరిపేస్తే తప్పు ఎక్కడ జరిగిందో దొరకదు. ఎక్స్, వై కూడా వద్దు. తొందరలో రాసిన ఎక్స్ గుణకారం గుర్తులా ఉంటుంది. నా దగ్గర క, ప.

క − ప = 1
క² − 3ప = 13

వర్గం లేని సమీకరణం నుంచి ఒక అక్షరాన్ని విడదీయండి: ప = క − 1.

ఇక్కడ ఆగండి. రెండోదాంట్లో ప ఉన్నచోట ముందు బ్రాకెట్ గీయండి, తర్వాతే లోపల క − 1 రాయండి: క² − 3(క − 1) = 13. "బ్రాకెట్ మనసులో ఉంది సార్" అంటారు. మనసులో ఉన్నదానికి మార్కులు పడవు. బ్రాకెట్ మరిస్తే క² − 3క − 1 = 13 అవుతుంది, విచక్షణి (వర్గ సమీకరణ సూత్రంలో వర్గమూలం కింద ఉండే b² − 4ac) 65. బ్రాకెట్ పెట్టి కూడా −3ని −1తో గుణించి −3 అని రాస్తే విచక్షణి 73. రెండూ పూర్ణవర్గాలు కావు. ఇక పిల్లవాడు సూత్రం పట్టుకుని అరగంట కుస్తీ పడతాడు. రావాల్సింది +3. అప్పుడు క² − 3క − 10 = 0, విచక్షణి 49.

ప బదులు ప² ఉంటే ఇంకా జాగ్రత్త. (క − 1)² అంటే క² − 2క + 1. క² − 1 కాదు, క² + 1 అసలే కాదు.

కారణాంకాలు (క − 5)(క + 2). క = 5 అయితే ప = 4; క = −2 అయితే ప = −3. ఈ విలువలు మొదటి సమీకరణం నుంచే తీయండి. ప బదులు క ను విడదీసినవాళ్లకు ముందు ప = 4 వస్తుంది. దాన్ని రెండోదాంట్లో పెడితే క² = 25, అంటే −5 అనే దొంగ జవాబు కూడా వచ్చి కూర్చుంటుంది. (−5, 4) మొదటి సమీకరణానికి సరిపోదు.

మైనస్ జవాబును కొట్టేసే అలవాటు ఒకటుంది. అది బత్తాయి తోట లెక్కల పుణ్యం: ఒక్కో వరుసలో చెట్లు వరుసల సంఖ్య కంటే 4 ఎక్కువ, మొత్తం 96 చెట్లు. వరుసలో చెట్లు 12 లేదా −8 వస్తాయి. −8 చెట్లు ఉండవు కాబట్టి అక్కడ వదిలేస్తాం. మన లెక్కలో చెట్లు లేవు, జవాబులు రెండూ రాయాలి.

చరరాశిని తొలగించే పద్ధతి బాగుంటుందని వాదించేవాళ్లున్నారు. పైలెక్కకు అదీ పనిచేస్తుంది. తోట లెక్కలో వరుసకు చెట్లు క, వరుసలు ప అనుకుంటే క × ప = 96 కదా, అక్కడ దేన్ని దేనిలోంచి తీసేస్తారు?

గ్రాఫ్ గీస్తే మన మొదటి సమీకరణం సరళరేఖ, రెండోది పరావలయం అనే వంపు గీత. ఇలాంటి లెక్కలో విచక్షణి 0 వస్తే రేఖ పరావలయాన్ని ఒక్కచోటే తాకుతుంది, రుణాత్మకమైతే అసలు కలవదు. అప్పుడు జవాబు లేదని రాసి లేవండి. జవాబులొస్తే రెండు జతలనూ రెండు సమీకరణాల్లోనూ పెట్టి చూడండి: 25 − 12 = 13, 4 + 9 = 13.