సామానులో ప్రాణులు – మూడవ పాఠం: రోజ్‌క్యాను కొంగ

గత పాఠంలో అటక మీదా పశువుల పాకలోనూ పడి ఉన్న పాత సామానును అరుగు మీద పరచుకొని, ఏది ఏ ప్రాణిని గుర్తుకు తెస్తున్నదో రాసుకోవలసిందిగా కోరాను. ఈసారి అందులోంచి మొక్కలకు నీళ్ళు పోసే రోజ్‌క్యానునూ, పొయ్యి దగ్గరి రేకు పట్టకారునూ తీసుకొని కొంగను తయారు చేద్దాం. కడియం నర్సరీల చుట్టుపక్కల ఉన్నవారికి పాత క్యాను సంపాదించడం కష్టం కాదు. రేకుదే తీసుకోండి, ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కుతుంది.

ముందుగా ఇద్దరు కళాకారుల పనిని చూడాలి. 1942లో పికాసో సైకిల్ సీటును నిలువుగా పెట్టి, హ్యాండిల్‌ను కొమ్ములుగా అమర్చి ఎద్దు తలను చేశాడు. ఎద్దు కనిపిస్తూనే సైకిలూ కనిపిస్తుంది, ఏదీ రెండవదానిని మింగివేయదు. ఇటలీకి చెందిన మౌరిజియో కత్తెలాన్ దారి వేరు. 1996లో ఆయన, పాడవకుండా భద్రపరచిన నిజమైన ఉడుతను దాని కొలతకు తగిన బుల్లి వంటగదిలో కూర్చోబెట్టి, బల్ల మీద తల వాల్చినట్లు చూపించాడు. మొదట నవ్వు వస్తుంది. నేల మీది చిన్న తుపాకీ కంటబడగానే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆయన ఉడుత రూపాన్ని మార్చలేదు, మనిషి కష్టాన్ని తెచ్చి దానికి తగిలించాడు. మన కొంగకు పికాసో నుంచి ఒంటినీ, కత్తెలాన్ నుంచి బాధనూ అరువు తెచ్చుకుందాం.

క్యాను మూతికి ఉన్న చిల్లుల బిళ్ళను ఊడదీస్తే మిగిలే గొట్టమే మెడ. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనక పురుగుల కోసం మెడ సాచి నడిచే కొంగను తలచుకోండి, అంతకన్నా చేయవలసింది లేదు. పట్టకారు మడత ఉన్న కొసను గొట్టంలోకి దూర్చండి. లోపలికి నెట్టేకొద్దీ రెండు రేకులూ దగ్గరపడి ముక్కు మూసుకుంటుంది. రేకు బిగువే దానిని జారకుండా పట్టి ఉంచుతుంది. బయటికి వచ్చిన భాగాన్ని కొద్దిగా కిందికి వంచండి. ఆ ముక్కున ఇంటి కరెంటు బిల్లు పెట్టండి. చేప ఉండవలసిన చోట బిల్లు ఉండడమే దాని బాధ.

కాలు ఒకటి చాలు. ఒంటికాలి మీద జపం చేయడం కొంగకు అలవాటే కనుక మన పని సగం తగ్గింది, కానీ బరువు కుదరాలి. నిలబెట్టిన ఇటుక అంచు మీద, ముక్కుతో సహా, క్యానును ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎటూ ఒరగని చోట సున్నంతో గుర్తు పెట్టండి. అక్కడ చిల్లు వేసి, కొసన మర కోసిన ఇనుప కడ్డీని దూర్చి, రేకుకు పైనా కిందా ఒక్కొక్క నట్టు బిగించండి. నట్టుకూ రేకుకూ మధ్య సైకిల్ ట్యూబు ముక్క వేయడం మరవకండి, మన ఉప్పుగాలికి అతుకుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. వెల్డింగు వద్దు, జస్తపు పూత ఉన్న రేకును కాల్చితే వచ్చే పొగ ఆరోగ్యానికి హానికరం. కడ్డీ రెండవ కొసను రంగు డబ్బాలో కాంక్రీటు పోసి నిలబెట్టి, వారం రోజులు తడుపుతూ ఉండండి. వాననీరు నిలిచి దోమలు పెరగకుండా క్యాను అడుగున ఇంకొక చిల్లు ఉంచండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి చేసినప్పుడు ఉత్సాహం ఆపుకోలేక క్యానుకు తెల్ల రంగు పూసి, చొక్కా గుండీలతో కళ్ళు పెట్టాను. రోజ్‌క్యాను మాయమై, ఏ పార్కులోనైనా కనిపించే సిమెంటు కొంగ మిగిలింది. కిరసనాయిలుతో రంగు తుడవడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఈకలు అతికించే ఆలోచన కూడా మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొంగలకూ వర్తిస్తుంది.

అభ్యాసం: కొంగను గుమ్మం పక్కన పెట్టి, వచ్చినవారు మొదట ఏమంటారో వారం పాటు రాసుకోండి. అందరూ “కొంగ” అని మాత్రమే అంటే మీరు అదనంగా చేర్చినది ఏదో ఉన్నది, దానిని తీసివేయండి. “రోజ్‌క్యాను” అని మాత్రమే అంటే ముక్కు వంపును సరిచూడండి. వచ్చే పాఠానికి రెండు గరిటెలు, ఒక కొబ్బరి చిప్ప సిద్ధంగా ఉంచుకోండి, పీతను చేయబోతున్నాం.